దుబారా మనిషి చేయి పట్టుకునే హక్కు ఎవరిది? – తొలి ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో వ్యయ నియమం, ‘హజ్ర్’ వివాదం

తెలుగువారి జమాఖర్చుల పుస్తకంలో అరబ్బీ, పర్షియన్ మాటలు లేని పుట ఉండదు. జమా, ఖర్చు, బాకీ, వసూలు, జామీను, జప్తు వంటి మాటలన్నీ కచేరీల గుండా, రెవెన్యూ లెక్కల గుండా మన భాషలోకి వచ్చి స్థిరపడ్డాయి. మితిమీరిన ఖర్చుకు మనం వాడే ‘దుబారా’ కూడా పరాయి మాటే. పర్షియన్‌లో, ఉర్దూలో ‘దొబారా’ అంటే రెండోసారి. చేసిన ఖర్చే మళ్లీ చేయడమన్న ఊహ మీదుగా తెలుగులో దానికి వృథా వ్యయమన్న అర్థం వచ్చి ఉండవచ్చు. అయితే ఒక విషయం గమనించదగింది. లెక్కలకు సంబంధించిన మాటలు ఇన్ని వచ్చినా, ఖర్చు మంచిచెడ్డలను విచారించడానికి ముస్లిం ధర్మశాస్త్రకారులు వాడిన ఇస్రాఫ్, తబ్జీర్, సఫహ్, రుష్ద్, హజ్ర్ వంటి మాటలు తెలుగు వ్యవహారంలోకి రాలేదు. ఈ వ్యాసం ఆ మాటల గురించీ, వాటి చుట్టూ క్రీ.శ. 8వ శతాబ్దంలో ఇరాక్‌లో సాగిన ఒక వివాదం గురించీ.

పొదుపు గురించి ఇస్లాం ఏం చెప్పింది అన్న ప్రశ్నకు సాధారణంగా లభించే జవాబు నీతివాక్యాల సంపుటి రూపంలో ఉంటుంది. అతి వద్దు, లోభం వద్దు, మధ్యేమార్గం మేలు అన్న బోధతో విషయం ముగుస్తుంది. ఈ బోధ నిజమే కాని, ఏ మతగ్రంథంలోనైనా దొరికేదే. చరిత్రకారుడికి అసలు ఆసక్తి దాని తరువాతి మెట్టులో ఉంది. ఒక మనిషి ఈ బోధను వినలేదు. పెద్దల ఆస్తిని కళ్లముందే కరగబెడుతున్నాడు. అతనికి వయసు వచ్చింది, మతి చలించలేదు, ఎవరి సొమ్మూ దొంగిలించలేదు. అతని చేతిని పట్టుకునే అధికారం తండ్రికి, భార్యకు, ఖాజీకి, పాలకుడికి ఉందా? ఈ ప్రశ్న దగ్గర కూఫా నగరంలో గురువు ఒకవైపు, ఆయన శిష్యులు మరొకవైపు నిలిచారు.

ముందు మాటల సంగతి చూడాలి. ‘ఇస్రాఫ్’కు మూలార్థం హద్దు దాటడం. అది కేవలం ధనవిషయం కాదు, ఖురాన్‌లో పాపం చేయడంలో హద్దు మీరిన వారికీ ఇదే మాట వాడారు. ‘తబ్జీర్’ మరింత చిత్రమైన మాట. దాని ధాతువుకు విత్తనం అని అర్థం. విత్తు చల్లినట్టు సొమ్ము చల్లడం తబ్జీర్. తెలుగువాడు ‘డబ్బు వెదజల్లుతున్నాడు’ అన్నప్పుడు ‘వెద’లో ఉన్న పోలికా ఇదే. రెండు వ్యవసాయ సమాజాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే ఒకే దృశ్యాన్ని ఎంచుకున్నాయి. ఖురాన్ 17వ అధ్యాయంలో బంధువుకూ పేదకూ బాటసారికీ వారి హక్కు ఇవ్వమని చెప్పిన వెంటనే తబ్జీర్ నిషేధం వస్తుంది. అంటే ఇవ్వడం, వెదజల్లకపోవడం ఒకే ఆదేశంలోని రెండు ముఖాలు. కొద్ది పంక్తుల తరువాత చేతిని మెడకు కట్టేసుకోవద్దనీ, పూర్తిగా చాచేయవద్దనీ చెప్పే ఉపమానం ఉంది. ‘ఆయన చేతికి ఎముక లేద’ని దాతను మెచ్చుకునే తెలుగువారికి ఈ హస్తోపమానం వింతగా తోచదు. కాని తెలుగు నుడికారంలో ఎముక లేని చేయి పొగడ్త, ఖురాన్ ఉపమానంలో పూర్తిగా చాచిన చేయి పశ్చాత్తాపానికి దారి. 25వ అధ్యాయం దైవభక్తుల లక్షణాలు చెబుతూ అతికీ లోభానికీ నడుమ నిలకడగా నడిచేవారిని ప్రస్తావిస్తుంది. నడిమి దారి అనే భావం నుంచి పుట్టిన ‘ఇఖ్తిసాద్’ అన్న మాటే ఆధునిక అరబ్బీలో ఆర్థికశాస్త్రానికి పేరైంది.

11వ శతాబ్దపు బాగ్దాద్ న్యాయకోవిదుడు మావర్దీ (మరణం 1058) ఈ రెండు మాటలను విడదీసిన తీరు ఇప్పటికీ పనికివస్తుంది. ఎంత ఇవ్వాలో తెలియకపోవడం ఇస్రాఫ్, ఎక్కడ ఇవ్వాలో తెలియకపోవడం తబ్జీర్ అని ఆయన నిర్ణయం. ఒకటి పరిమాణదోషం, రెండోది స్థానదోషం. కూతురి పెళ్లికి స్తోమతకు మించి విందు పెట్టడం మొదటిది. పొరుగువాడు పస్తు ఉండగా ఆ సొమ్మును బాణసంచాకు తగలేయడం రెండోది. ఈ ఉదాహరణలు నావి, మావర్దీవి కావు.

ఇస్లాం పూర్వపు అరబ్బు సమాజంలో దాతృత్వానికి కొలత లేదు. అతిథి కోసం ఉన్న ఒక్క ఒంటెనూ కోసేవాడే వీరుడు. తయ్ తెగకు చెందిన హాతిం పేరు ఆ విధంగానే పర్షియన్, ఉర్దూ సాహిత్యాల దాకా ప్రయాణించింది. ఈ ఆదర్శాన్ని కొత్త మతం కొట్టివేయలేదు, దానికి కొలత పెట్టింది. ఆ కొలత పెట్టడం ఎంత కష్టమో క్రీ.శ. 630 నాటి తబూక్ దండయాత్రకు సంబంధించి హదీసు సంపుటాల్లో నిలిచిన రెండు ఉదంతాలు చూపుతాయి. యాత్రకు విరాళాలు కోరినప్పుడు ఉమర్ తన ఆస్తిలో సగం తెచ్చాడనీ, అబూబకర్ ఉన్నదంతా తెచ్చి ఇచ్చాడనీ ఒక కథనం. దాన్ని ప్రవక్త స్వీకరించారు. అదే యాత్రకు వెళ్లకుండా ఉండిపోయిన కఅబ్ ఇబ్న్ మాలిక్ తరువాత పశ్చాత్తాపంతో తన సర్వస్వం దానం చేస్తానంటే, కొంత ఉంచుకోవడమే నీకు మేలని ప్రవక్త వారించినట్టు మరొక కథనం. కఅబ్ ఖైబర్‌లోని తన వాటాను ఉంచుకున్నాడు. ఒకరి సర్వస్వాన్ని తీసుకుని, మరొకరి సర్వస్వాన్ని వద్దనడమేమిటి? వ్యాఖ్యాతలు ఇందుకు ఇచ్చిన సమాధానం, లేమిని తట్టుకునే శక్తి అందరికీ సమానం కాదన్నది. రోగశయ్య మీద ఉన్న సఅద్ ఇబ్న్ అబీ వఖ్ఖాస్ ఆస్తిలో మూడింట రెండు వంతులు, కాకుంటే సగం దానంగా రాస్తానన్నప్పుడు మూడో వంతు వద్ద ఆగమన్న హదీసు ఇంకా ముఖ్యమైనది. వారసులను చేయి చాచే స్థితిలో వదలడం కంటే కలిగినవారిగా వదలడం మేలన్నది అక్కడి తర్కం. వీలునామాకు మూడో వంతు పరిమితి దీని మీదనే నిలబడింది. భారతదేశంలో ముస్లిం వ్యక్తిగత చట్టం కింద నేటికీ అమలులో ఉన్న నియమం ఇది.

వీలునామా మరణం తరువాతి సంగతి. బతికుండగా చేసే ఖర్చుకు అలాంటి హద్దు లేదు. ‘హజ్ర్’ ప్రశ్న ఇక్కడే పుట్టింది.

హజ్ర్ అంటే ఆపడం, నిలవరించడం. శాస్త్రపరిభాషలో ఒక వ్యక్తి తన ఆస్తిపై చేసే అమ్మకం, కొనుగోలు, దానం వంటి వ్యవహారాలు చెల్లకుండా చేయడం. పసివాడి మీద, మతి లేనివాడి మీద హజ్ర్ ఉండటంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. భేదమంతా ‘సఫీహ్’ విషయంలో. సొమ్మును బుద్ధికీ ధర్మానికీ విరుద్ధంగా తగలేసే వయోజనుడు సఫీహ్. ఖురాన్ 4వ అధ్యాయంలో దేవుడు మీకు ఆధారంగా చేసిన ‘మీ’ సంపదలను సఫీహ్‌ల చేతికి ఇవ్వవద్దనీ, అందులోంచి వారికి తిండి, బట్ట ఇచ్చి మంచిగా మాట్లాడమనీ ఒక ఆదేశం ఉంది. సొమ్ము సఫీహ్‌దైతే ‘మీ’ అన్న సర్వనామం ఎందుకన్నది వ్యాఖ్యాతలను చాలా ఆలోచింపజేసింది. సంరక్షకుల చేతిలో ఉన్నది కాబట్టి అలా అన్నారని కొందరన్నారు. ఒకరి ఆస్తి నిలవడం అందరికీ ఆధారమే కాబట్టి అన్నారని మరికొందరు. రెండో వ్యాఖ్యానం దూరం వెళ్తుంది. నీ సొమ్ము నీదే అయినా అది పాడవకుండా చూడటంలో సమాజానికి వాటా ఉందన్న భావం అందులో ఉంది. తరువాతి వాక్యం అనాథలను పరీక్షించమనీ, వివాహ వయసుకు వచ్చాక వారిలో ‘రుష్ద్’ అంటే వ్యవహార జ్ఞానం కనబడితే ఆస్తి అప్పగించమనీ చెబుతుంది.

అబూ హనీఫా (మరణం 767) ఈ వాక్యాలను చదివిన తీరు ఆయన ఇతర విషయాల్లో ఎంత స్వతంత్రుడో ఇక్కడా అంతే స్వతంత్రుడని చూపుతుంది. ఆయన కూఫాలో పట్టు వస్త్రాల వర్తకుడు. సొమ్ము విలువ తెలియనివాడు కాదు. అయినా స్వతంత్రుడైన, వయసు వచ్చిన, మతి ఉన్న మనిషి మీద దుబారా కారణంగా హజ్ర్ విధించరాదని ఆయన నిర్ణయించాడు. వయసు వచ్చినా రుష్ద్ లేని యువకుడికి ఆస్తిని 25 ఏళ్లు నిండేదాకా అప్పగించకుండా ఉంచవచ్చు, అది శిక్షణ కోసం. ఆ లోపల కూడా అతడు చేసిన అమ్మకం చెల్లుతుంది. 25 తరువాత తగలేసేవాడైనా సరే ఆస్తి ఇచ్చేయాల్సిందే. 25 ఎందుకంటే, ఆ వయసుకు మనిషి తాత అయ్యే అవకాశం కూడా ఉంది, తాతను ఇంకా శిక్షణలో ఉంచడమేమిటన్నది ఆయన పక్షాన చెప్పిన వాదం. ఈ లెక్క చదివి నవ్వుకోని పరిశోధకుడు ఉండడు. కాని దాని వెనుక ఉన్న ప్రధాన హేతువు నవ్వుకు తావివ్వదు. 12వ శతాబ్దంలో ఫర్గానాకు చెందిన మర్గీనానీ (మరణం 1197) తన ‘హిదాయా’లో దాన్ని నమోదు చేశాడు. వయోజనుడి మాటకు విలువ లేకుండా చేయడం అతని మనిషితనాన్ని తీసివేసి పశువుల వరుసలో చేర్చడం, ఆస్తి పోవడం కంటే ఇది పెద్ద నష్టం, చిన్న కీడును తొలగించడానికి పెద్ద కీడును తెచ్చుకోరాదు. పొదుపును గురించిన చర్చలో ఆస్తి కంటే మనిషి గౌరవాన్ని ఎక్కువ తూకం వేసిన ఈ వాక్యానికి రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

ఈ సూత్రానికి అబూ హనీఫా మూడు మినహాయింపులు ఇచ్చాడు. వైద్యం తెలియని వైద్యుడు, మాయోపాయాలు నేర్పే ముఫ్తీ, దివాలా తీసి కూడా సవారీ బాడుగకు ఒప్పుకునేవాడు. ఒకడు దేహాలను, ఒకడు ధర్మాన్ని పాడుచేస్తాడు. మూడోవాడు యాత్రికుల దగ్గర బాడుగ సొమ్ము తీసుకుని, ఒంటెలు లేక, వారిని దారి మధ్యలో దిక్కులేనివారిని చేస్తాడు. వీరిని ఆపవచ్చు. ఎందుకంటే నష్టం వారికి కాదు, జనానికి. మనిషి తనకు తాను చేసుకునే చేటుకూ పరులకు చేసే చేటుకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ఈ మూడు ఉదాహరణలు చెబుతాయి.

ఆయన ముఖ్య శిష్యులైన అబూ యూసుఫ్ (మరణం 798), ముహమ్మద్ షైబానీ (మరణం 805) ఇద్దరూ గురువును అనుసరించలేదు. పసివాడి మీద హజ్ర్ ఎందుకు పెడుతున్నాం? సొమ్ము తగలేస్తాడేమోనన్న అనుమానంతో. సఫీహ్ విషయంలో అది అనుమానం కాదు, జరుగుతున్న సంగతి. అందుచేత ఇక్కడ హజ్ర్ మరింత అవసరమని వారి వాదం. వారిద్దరికీ మళ్లీ భేదముంది. ఖాజీ తీర్పు ఇచ్చేదాకా హజ్ర్ లేదని అబూ యూసుఫ్, దుబారా మొదలైనప్పుడే హజ్ర్ తనంతట తానే పడుతుందని షైబానీ. అబూ యూసుఫ్ ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ. ఎదుటి పక్షాన్ని విని తీర్పు చెప్పడంలోని బాధ్యత ఆయనకు అనుభవం. షైబానీ పక్షం అమలైతే, సఫీహ్‌తో బేరం చేసిన అమాయకుడు ఏ తీర్పూ చూడకుండానే సొమ్ము పోగొట్టుకుంటాడు. ఈ ఒక్క విషయంలో అబూ యూసుఫ్‌దే ఆచరణయోగ్యమైన వాదమని చెప్పక తప్పదు. షాఫియీ (మరణం 820) మరో అడుగు ముందుకు వేసి రుష్ద్‌లో ధర్మవర్తననూ చేర్చాడు. అప్పుడు లెక్కలు సరిగా చూసుకునే దుర్వర్తనుడు కూడా యౌవనంలో ఆస్తి పొందడానికి అర్హుడు కాడు.

ఇరుపక్షాలవారూ తొలితరం ఉదంతాలను సాక్ష్యంగా తెచ్చారు. వాటిలో మూడు ప్రస్తావించదగినవి. బేరాల్లో తరచు మోసపోయే ఒక సహచరుడి మీద హజ్ర్ పెట్టమని అతని కుటుంబం ప్రవక్తను కోరింది. ప్రవక్త అతణ్ని పిలిచి వ్యాపారం మానమన్నారు. మానలేనని అతడు చెప్పుకున్నాడు. అయితే బేరమాడేటప్పుడు మోసం ఉండరాదన్న షరతు పలుకు అన్నారు. కుటుంబం అడగటాన్ని ప్రవక్త తప్పుపట్టలేదు గనుక హజ్ర్ ఉందని ఒక పక్షం, చివరికి విధించలేదు గనుక లేదని మరో పక్షం. రెండోది అబ్దుల్లా ఇబ్న్ జాఫర్ కథ. దాతృత్వానికి పేరుపడ్డ ఈయన ఒక భూమిని అధిక ధరకు కొన్నాడు. పినతండ్రి అలీ ఆయన మీద హజ్ర్ కోరుతూ ఖలీఫా ఉస్మాన్ దగ్గరకు బయలుదేరాడు. ఈ సంగతి తెలిసి అబ్దుల్లా, చేయి తిరిగిన వర్తకుడైన జుబైర్‌ను ఆశ్రయించగా, ఆ కొనుగోలులో నేనూ భాగస్థుణ్నేనని జుబైర్ ప్రకటించాడు. జుబైర్ భాగస్వామిగా ఉన్న బేరంలో హజ్ర్ ఎలా విధించనని ఉస్మాన్ అడిగాడట. ఈ కథ మనకు చేరింది తరువాతి కాలపు సంకలనాల గుండానే. దాన్ని అక్షరాలా జరిగినట్టు తీసుకోనవసరం లేదు. కాని హజ్ర్ అన్న ఆయుధం ఇళ్లలో ఎలా బయటికి తీసేవారో, పేరున్న భాగస్వామి దొరికితే ఎలా తప్పించుకునేవారో ఆ కథ చెప్పినంత స్పష్టంగా ఏ శాస్త్రగ్రంథమూ చెప్పదు.

మూడో ఉదంతం బుఖారీ సంకలనంలోనిది. ప్రవక్త భార్య ఆయిషా చేసిన ఒక అమ్మకమో దానమో నచ్చక, ఆమె అక్క కొడుకు అబ్దుల్లా ఇబ్న్ జుబైర్, ఆమె మానకపోతే హజ్ర్ విధిస్తానన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది. అతనా అన్నాడని మళ్లీ అడిగి నిర్ధారించుకుని, ఇక జన్మలో అతనితో మాట్లాడనని మొక్కుకుంది. రోజులు గడిచాయి. మధ్యవర్తుల మాట సాగలేదు. చివరికి ఇద్దరు పెద్దలు ఆమె ఇంటికి వచ్చి లోపలికి రావచ్చునా, అందరం రావచ్చునా అని అడిగారు. అందరూ రమ్మని ఆమె అనగానే తమ దుప్పట్ల చాటున అతణ్నీ లోపలికి తీసుకువచ్చారు. అతడు తెర దాటి పిన్నిని పట్టుకుని ఏడ్చాడు. ఆమె మాట్లాడింది. మొక్కు తప్పినందుకు 40 మంది బానిసలను విడిపించింది, తరువాత కూడా ఆ మొక్కు తలచుకుని కన్నీరు పెట్టుకునేది. ఖర్చు తగ్గించమని మొదలైన వ్యవహారం చివరికి ఎంత ఖర్చుకు దారితీసిందో సంకలనకర్త వ్యాఖ్యానించలేదు. ఇక్కడ కీలకం ఆయిషా కోపకారణం. పొదుపు చేయమన్నందుకు కాదు, తన సొమ్ము మీద తన మాట చెల్లకుండా చేస్తానన్నందుకు. అబూ హనీఫా తరువాత హేతువుగా చెప్పినదాన్ని ఆమె ముందే అవమానంగా అనుభవించింది. ఈ సందర్భంలో మరొక విషయం చెప్పాలి. మాలికీ సంప్రదాయం వివాహిత స్త్రీ ఆస్తిలో మూడో వంతు మించిన దానాలకు భర్త సమ్మతి అవసరమంటుంది. హనఫీ, షాఫియీ సంప్రదాయాల్లో అలాంటి నిబంధన లేదు.

శాస్త్రకారుల మాటలు బజారులోకి వచ్చాక ఏమయ్యాయో తెలుసుకోవాలంటే బస్రా నగరపు జాహిజ్ (మరణం 868–69) రాసిన ‘కితాబుల్ బుఖలా’, అంటే లోభుల పుస్తకం చూడాలి. అందులో పిసినారులు తమను పిసినారులనుకోరు. తమది ‘ఇస్లాహ్’, ఆస్తిని చక్కదిద్దుకోవడం అంటారు, ‘ఇఖ్తిసాద్’ అంటారు. మసీదులో చేరి పొదుపు విద్యలు ఒకరికొకరు నేర్పుకుంటారు. అక్కడ ఒకరు చెప్పిన మర్యం కథ అందులో మేలైనది. కూతురు పుట్టిన నాటి నుంచి ఆమె పిండి కలిపిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి దాచింది, నిండగానే అమ్మింది, పెళ్లినాటికి కూతురికి బంగారమూ పట్టూ పెట్టింది. ఈ సొమ్మెక్కడిదని భర్త నిలదీశాక గాని సంగతి బయటపడలేదు. పిడికెడు బియ్యం తీసి దాచే అలవాటు తెలుగు ఇళ్లకూ కొత్త కాదు. జాహిజ్ దీన్ని ఎగతాళిగా చెప్పాడా, మెప్పుగా చెప్పాడా అన్నది తేల్చడం కష్టం, ఆ గ్రంథం రుచి అందులోనే ఉంది. బలిగొర్రెలో ప్రతి భాగానికీ ఉపయోగం వెతికి, రక్తాన్ని ఏం చేయాలో తోచక దిగులుపడి, కొత్త కుండలకు పూత వేయవచ్చని తట్టాక గాని ఊరట పొందని ముఆజా కథ మాత్రం తేటగా హాస్యమే.

షైబానీ పేరిట ఉన్న ‘కితాబుల్ కస్బ్’ (సంపాదన గ్రంథం) మనకు సరఖ్సీ వ్యాఖ్యానంతో కలిసి దొరుకుతుంది. ఇస్రాఫ్ అంటే ఏమిటో అది భోజనం బల్ల దగ్గర కొలుస్తుంది. కడుపు నిండాక తినడం, అవసరానికి మించి వంటకాలు పరచడం, రొట్టె నడిమి భాగం తిని అంచులు వదలడం ఇస్రాఫ్. అతిథి మొహమాటపడకుండా అతనితో కలిసి ఒక ముద్ద ఎక్కువ తినడం, రేపటి ఉపవాసం కోసం తినడం కాదు. ఇదంతా కోర్టుకు ఎక్కే విషయం కాదు. హజ్ర్ ఉండాలన్న షైబానీ కూడా రొట్టె అంచులు వదిలినవాణ్ని ఖాజీ ముందుకు లాగమనలేదు.

హనఫీ సంప్రదాయం చివరికి శిష్యుల పక్షానికే ఫత్వా ఇచ్చింది. ఆ పక్షాన ఆచరణ ఎలా ఉండేదో హిదాయాలోని వివరాలు చెబుతాయి. హజ్ర్ కింద ఉన్నవాడి పెళ్లి చెల్లుతుంది, మహర్ మాత్రం ఆ స్త్రీ తోటివారికి ఇచ్చే స్థాయిని మించితే మించినది చెల్లదు. జకాత్ అతని ఆస్తి నుంచి చెల్లించాలి. హజ్ యాత్రకు వెళ్తానంటే ఆపరాదు, కాని సొమ్ము అతని చేతికివ్వకుండా నమ్మకమైన తోటి యాత్రికుడికి ఇచ్చి దారిపొడవునా ఖర్చుపెట్టించాలి. పుణ్యకార్యాలకు మూడో వంతులోపు వీలునామా చెల్లుతుంది. 17వ శతాబ్దపు డమాస్కస్ పండితుడు హస్కఫీ (మరణం 1677) ఉన్నదంతా మసీదు నిర్మాణానికి ధారపోయడాన్ని కూడా సఫహ్‌లోనే చేర్చాడు. మంచిపనిలో అతి అనేదే ఉండదన్న లోకప్రచారానికి ఇది సూటి ఖండన.

భారతదేశంలో ఔరంగజేబు కాలంలో షేక్ నిజాం నాయకత్వాన తయారైన ఫతావా ఆలంగీరీలో హజ్ర్‌కు ఒక ప్రకరణం ఉంది. చార్లెస్ హామిల్టన్ చేసిన హిదాయా ఆంగ్లానువాదం 1791లో వెలువడింది. కంపెనీ న్యాయస్థానాల్లో ముస్లిం చట్టానికి ఆధారాల్లో అది ఒకటైంది. ఉస్మానీ సామ్రాజ్యంలో అహ్మద్ జౌదత్ పాషా ఆధ్వర్యంలో 1869–76 మధ్య రూపొందిన మజల్లా అబూ యూసుఫ్ దారిలోనే న్యాయాధికారి తీర్పుతో దుబారా మనిషిపై హజ్ర్ విధించవచ్చని శాసించింది. దాదాపు అదే కాలంలో ఇక్కడ జరిగినది వేరు. 1872 భారత ఒప్పందాల చట్టం ఒప్పందానికి అర్హతగా వయసును, మతి స్థిమితాన్ని, వేరే చట్టం వల్ల అనర్హత లేకపోవడాన్ని పేర్కొంది, దుబారాను పేర్కొనలేదు. 1875 వయోజనత్వ చట్టం వివాహం, మహర్, విడాకులు, దత్తత మినహా మిగిలిన వ్యవహారాలకు వయోపరిమితిని 18 ఏళ్లుగా నిర్ణయించింది. రుష్ద్ పరీక్ష స్థానాన్ని పుట్టినతేదీ తీసుకుంది. అబూ హనీఫా పక్షం, ఎవరూ ఆయన పేరు తలచుకోకుండానే, ఈ దేశంలో నెగ్గిందని చెప్పవచ్చు.

పూర్తిగా నెగ్గలేదు. జమీందారీ ప్రాంతాల్లో ‘కోర్ట్ ఆఫ్ వార్డ్స్’ అన్న సంస్థ ఉండేది. మద్రాసు రాజధానిలో 1804 నాటి అయిదో రెగ్యులేషన్‌తో అది ఏర్పడింది, తెలుగు జమీందారీల చరిత్ర చదివినవారికి పరిచితమే. సంయుక్త పరగణాల 1912 నాటి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చట్టంలో, దుబారాకు దిగినందువల్ల ఆస్తి నిర్వహణకు తగడని ప్రభుత్వం ప్రకటించిన భూస్వామి ఎస్టేటును ఆ సంస్థ స్వాధీనం చేసుకోవడానికి వీలుంది. ఆ చట్టం భూస్వామి మతాన్ని పట్టించుకోలేదు. దానికి కావలసింది శిస్తు కట్టే ఎస్టేటు నిలవడం. కూఫాలో మనిషితనానికీ ఆస్తికీ మధ్య జరిగిన తూకం ఇక్కడ జరగలేదు, ఖాజీ ముందు వాదించుకునే అవకాశమూ లేదు. దుబారా చేశాడని తేల్చేదీ, ఎస్టేటును తీసుకునేదీ ప్రభుత్వమే.